గుత్త బేరంలో పాత కుట్టు సామాను కొంటున్నారా? డబ్బు కట్టకముందు ఇది చదవండి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో బొంతలు, క్విల్టులు కుట్టేవాళ్లకీ, సెకండ్‌హ్యాండ్ మిషన్ కోసం చూస్తున్నవాళ్లకీ ఒక హెచ్చరిక. "ఇల్లు ఖాళీ చేస్తున్నాం, అమ్మగారి క్విల్టింగ్ సామానంతా కలిపి ఒకే రేటు, రేపటిలోగా తీసుకెళ్లాలి" అనే ప్రకటన చూడగానే ఫోన్‌పే తెరవకండి.

వీటిలో నిజమైనవీ ఉంటాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడ్డాక పెద్దవాళ్లు సొంతిల్లు వదిలి విశాఖలో రెండు గదుల ఫ్లాటుకి మారుతుంటే మిషనూ, గుడ్డ కోసేటప్పుడు కింద పరిచే కటింగ్ మ్యాటూ, బీరువాడు గుడ్డలూ అక్కడ ఎక్కడ పడతాయి? అలాంటి ఇంటివాళ్ల దగ్గర నేరుగా కొంటే లాభమే. తంటా ఎక్కడంటే, అదే మాట చెప్పి అమ్మేది ఆ సామాను తూకానికి కొన్న మధ్యవర్తి అయినప్పుడు. మంచి కత్తెరలు, కొత్త గుడ్డలు ముందే ఏరి విడిగా అమ్ముకుంటాడు. మిగిలినదాని మీద మెరిసే వస్తువులు రెండు పెట్టి ఫొటో తీసి "లాట్" అంటాడు. గుత్తగా కొన్నాక ఒక్కటి పాడైందని వెనక్కి ఇవ్వబోతే, "మొత్తానికి కదమ్మా ఆ రేటు" అన్నదొక్కటే సమాధానం.

ఎవరితో మాట్లాడుతున్నారో రెండు ప్రశ్నల్లో తేలిపోతుంది. ఈ మిషన్‌కి ఏ నంబరు సూది వాడేవారు? అదనపు బాబిన్లు (అడుగుదారం చుట్టేవి), ఫుట్‌లు (గుడ్డని పైనుంచి నొక్కిపట్టేవి) ఉన్న డబ్బా ఏది? కుట్టిన మనిషి ఉన్న ఇంట్లో ఆ డబ్బా కచ్చితంగా ఉంటుంది, పాత బిస్కెట్ల డబ్బా అయినా సరే. "అవన్నీ తెలీదండీ, కండిషన్ మాత్రం సూపర్" అన్నాడంటే బేరం తీరు మార్చండి: ప్రతి వస్తువుకీ విడిగా ధర అడగండి, పరీక్షకు ఒప్పుకోని వస్తువుకి సున్నా వేయండి. కుదరదంటే వదిలేయండి. పాత కుట్టు సామానుకి ఈ ఊళ్లలో కొరత లేదు.

ముందు మిషన్ సంగతి, ఎక్కువ డబ్బు పోయేది అక్కడే. అమ్మేవాళ్లు చక్రం మీద ఒక్క వేలు వేసి తిప్పి చూపిస్తారు, గిర్రున తిరుగుతుంది. దానికి మురిసిపోకుండా మిషన్‌ని వెనక్కి వాల్చి అడుగుభాగం దగ్గర వాసన చూడండి. కిరసనాయిలు వాసన వస్తే అది అమ్మకం కోసం ఆ పూటకి తిరిగేలా చేసిన మిషన్. మన ఇళ్లలో మిషన్ ఆయిల్ అయిపోతే కొబ్బరినూనె వేసే అలవాటుంది. అది కొన్నాళ్లకి గోధుమరంగు జిగురై కీళ్లన్నీ పట్టేస్తుంది. దాని మీద కిరసనాయిలు పోస్తే జిగురు కరిగి మిషన్ ఆ పూటకి వదులుతుంది. కిరసనాయిలు ఆరిపోతుంది, లోపల కందెన ఉండదు, కరిగిన జిగురు పక్క సందుల్లోకి చేరి మళ్లీ గట్టిపడుతుంది. ఇంటికొచ్చిన వారానికి బిగుసుకుందనే మిషన్లలో చాలావాటి కథ ఇదే. దీన్ని బాగుచేయొచ్చు. విప్పి, శుభ్రంగా తుడిచి, అసలు మిషన్ ఆయిల్ వేస్తే చాలావరకు దారికొస్తుంది. ఆ మెకానిక్ కూలి ధరలోంచి తగ్గాలి, అంతే.

వాల్చినప్పుడే కింది ఇరుసులకు తుప్పు చూడండి. పైకి నల్ల పెయింటు, బంగారు రంగు స్టిక్కరు కొత్తగా మెరుస్తూ, అడుగున ఇనుము గుంటలు పడి ఉంటే ఆ మిషన్ ఎప్పుడో నీళ్లలో నానింది. 2014లో హుద్‌హుద్, 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తర్వాత మన వైపు తడవని ఇల్లు తక్కువ. నీరు పట్టిన మోటారు జోలికి మాత్రం వెళ్లకండి. సీరియల్ నంబరు పలక మీద కూడా పెయింటు పడి ఉందంటే ఆ స్టిక్కరు చెప్పే కంపెనీ పేరుని నమ్మక్కర్లేదు.

తర్వాత సూది బిగించే కడ్డీని వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదపండి. పక్కలకు ఆడుతోందంటే ఆ కడ్డీని పట్టి ఉంచే లోపలి బుష్ అరిగింది. పలచటి గుడ్డ మీద ఈ లోపం బయటపడదు. అందుకే అమ్మేవాళ్లు ఎప్పుడూ ఒక్క పొర పాప్లిన్ మీదే కుట్టి చూపిస్తారు. బొంత మందం వచ్చేసరికి సూది పక్కకి ఒరిగి, కింద తిరుగుతూ పైదారాన్ని అందుకోవాల్సిన షటిల్ కొన దాన్ని పట్టలేక కుట్లు దాటేస్తుంది. కాబట్టి పరీక్ష గుడ్డ మీరే పట్టుకెళ్లండి. రెండు పొరల కాటన్ మధ్య దూది షీటు పెట్టింది ఒకటి, పాత చీర ఆరు మడతలు వేసింది ఒకటి. 16 నంబరు కొత్త సూదులు రెండు, మంచి దారం కూడా. మీ సూది మీరే బిగించి ఒక మీటరు నిదానంగా, ఇంకో మీటరు వేగంగా కుట్టండి. అడ్డంగా ఇంకో అతుకు వచ్చేచోట మీదుగా పోనివ్వండి. అక్కడ గుడ్డ ముందుకు జరగక ఒకేచోట కుట్లు గుంపుపడితే గుడ్డని ముందుకు నెట్టే కింది పళ్లు అరిగాయా, వాటి మధ్య నూలుపీచు కూరుకుపోయిందా చూడాలి. ప్లేటు విప్పమనండి. పీచైతే బ్రష్‌తో పోతుంది. పళ్ల మీద బొటనవేలు రాస్తే గుచ్చుకోకుండా నున్నగా ఉంటే అరుగుడే.

ఇంటి మిషన్‌లో ఒకవైపు చదునుగా ఉన్న సూది ఉండాల్సిన చోట గుండ్రటి కాడ సూది బిగించి ఉంటే, ఎవరో సూదీ షటిలూ కలిసే టైమింగ్ మార్చి వాడారన్నమాట. సరైన సూదితో కుట్టి చూపించేదాకా కొనకండి. గుడ్డ అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా వస్తే మాత్రం కంగారు పడనక్కర్లేదు. చాలాసార్లు పైదారం, దాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లల మధ్య సరిగ్గా కూర్చోకపోవడమే కారణం. ఫుట్ పైకెత్తి మళ్లీ దారం ఎక్కిస్తే సర్దుకుంటుంది. బాబిన్ కేసు పోయినా భయం లేదు, చవకలో దొరుకుతుంది. షటిల్ తిరిగే గాడి అరిగితే అది పెద్ద ఖర్చు.

అమెరికా నుంచి పిల్లలు పంపిన మిషన్ అంటే ఇంకాస్త జాగ్రత్త. వెనక పలక మీద 110 లేదా 120 వోల్టులు అని ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టిన క్షణమే బోర్డు కాలిపోవచ్చు. "అడాప్టర్ ఇస్తాం" అంటారు. పిన్ను ఆకారం మార్చే బుడిపె వోల్టేజీని తగ్గించదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అదీ మిషన్ వాట్లకు కనీసం రెట్టింపు సామర్థ్యంలో. దాని ధర, బరువు లెక్కలో వేసుకోండి. దాంతోపాటు ఇచ్చే వాకింగ్ ఫుట్ (మందపు పొరల్ని పైనుంచి కూడా జరిపే ఫుట్) మన మిషన్‌కి పడుతుందని ఊహించకండి. ఫుట్ అడుగు నుంచి బిగించే స్క్రూ దాకా కొలిస్తే ఒక రకానికి సుమారు ముప్పావు అంగుళం, ఇంకో రకానికి అంగుళంపావు వస్తుంది. ఒకదాని ఫుట్ ఇంకోదానికి పనికిరాదు.

ఇక కటింగ్ మ్యాటు. ఫొటోలో గోడకి ఆనించి చూపిస్తారు, అక్కడ వంకర కనపడదు. నేల మీద పరిచి నాలుగు మూలలూ నొక్కండి. రేకుల షెడ్డులోనో, ఎండలో నిలిపిన కారులోనో ఉంచిన మ్యాటు వేడికి పైకి లేస్తుంది. ఒకసారి అలా లేచినదాన్ని బరువులు పెట్టి సాపు చేస్తానంటే నేను నమ్మను. స్కేళ్లు రెండు ఉంటే ఒకదాని మీద ఒకటి పెట్టి గీతలు కలుస్తున్నాయో లేదో చూడండి. ఒకే స్కేలుతో ముక్కలన్నీ కోస్తే చిన్న తేడా ఉన్నా అన్నిటికీ సమానంగా ఉంటుంది, బతికిపోతాం. రెండు స్కేళ్లు కలిపి వాడినప్పుడే గొడవ: ముక్కకి 1/16 అంగుళం తేడా ఉంటే పన్నెండు ముక్కల వరుస ముప్పావు అంగుళం తేడాతో వస్తుంది, పక్క వరుసతో కలవదు.

చక్రంలా తిరిగే బ్లేడుతో గుడ్డ కోసే రోటరీ కట్టర్‌లో ఎక్కువగా కనిపించేది 45 మిల్లీమీటర్ల బ్లేడు. గుడ్డ మీద పొడుగ్గా నడిపించండి. సుమారు ప్రతి 14 సెంటీమీటర్లకీ ఒక పోగు తెగకుండా మిగులుతోందా? బ్లేడు అంచులో ఒకచోట పన్ను విరిగింది, ఒక్కో చుట్టుకి ఒకసారి అక్కడ పోగు వదిలేస్తోంది. పాకెట్ విప్పిన "కొత్త" బ్లేడ్లకు డబ్బు ఇవ్వకండి.

గుడ్డల మూట దగ్గర అసలు మోసమంతా తూకంలోనూ, పై వరుసలోనూ ఉంటుంది. వానాకాలంలో మన తేమకి కాటన్ చెమ్మ పీల్చి బరువెక్కుతుంది. కిలోల లెక్కన కొంటే నీళ్లకీ డబ్బు కడుతున్నట్టే. మూట మధ్యలోంచి, అడుగులోంచి తలా ఒక ముక్క లాగి చూడండి. ముక్కిన వాసన, గోధుమరంగు చుక్కలు బూజువి, ఉతికినా పూర్తిగా పోవు. మడత గీత దగ్గర రెండు చేతులా పట్టి పొడుగ్గా ఒకసారి, అడ్డంగా ఒకసారి లాగండి. చిరుగుతున్నట్టు చిటపటమంటే ఆ గుడ్డ నిలవుండి చచ్చింది. పాత నలుపు, ముదురు గోధుమరంగు గుడ్డల్లో ఇది ముందు వస్తుంది. ఎర్రటివి, నీలివి తెల్లగుడ్డ ముక్కతో కలిపి వేడినీళ్లలో పావుగంట నానబెట్టాలి. రంగు దిగేది ఒక్క ముక్క ఉన్నా క్విల్టు మొత్తం పాడవుతుంది. "ప్యూర్ కాటన్" మాటకి పోగు కాల్చి చూస్తే చాలు: కాటన్ కాగితం వాసనతో మెత్తటి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అంటుకుంటుంది.

ఈ కాల్చే పరీక్షతో ఎవరైనా "ఇది అసలైన పొందూరు ఖాదీ" అని నిరూపించబోతే నవ్వి ఊరుకోండి. మిల్లు కాటనూ అలాగే కాలుతుంది. చేతితో వడికిన పోగుకి సహజంగా ఉండే సన్నం లావు వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే కనిపిస్తుంది. ఖాదీ మార్కు, బిల్లు లేకుండా ఖాదీ ధర ఇవ్వకండి.

దారాల కోన్లు: ఒక మూర లాగి పుటుక్కున తెంపండి. సులువుగా తెగితే అది కాజాలు కుట్టడానికీ పనికిరాదు, ఎంత అందమైన రంగైనా.

డబ్బు విషయానికొస్తే, చూడకముందు టోకెన్ అడ్వాన్సు వద్దు. ట్రాన్స్‌ఫర్ మీద వెళ్తున్న మిలిటరీ ఆఫీసర్నని, సామాను పార్శిల్‌లో పంపుతానని, ముందు రవాణా ఛార్జీలు కట్టమని అడిగితే అక్కడితో ఆపేయండి. అమ్మేవాళ్లకీ ఒక మాట: మీకు డబ్బు రావడానికి మీరు క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. కొట్టమన్నవాడు మీ ఖాతాలోంచి తీసుకోబోతున్నాడు. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బుని దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

దానం పేరుతో జరిగేది ఇంకో రకం. "పేద మహిళలకిస్తాం" అని వ్యాన్లో వచ్చి మిషన్లు పట్టుకెళ్లేవాళ్లు "80జి రసీదు ఇస్తాం, పన్ను తగ్గుతుంది" అంటే అది అబద్ధం. ఆ మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళాలకే, వస్తువులకు లేదు. ఇవ్వాలనుకుంటే మీ వీధి డ్వాక్రా సంఘంలోనో, దగ్గరి టైలరింగ్ శిక్షణ కేంద్రంలోనో ముందు ఏం కావాలో అడిగి ఇవ్వండి. నడిచే మిషన్, దారాలు, కత్తెరలు ఎవరైనా తీసుకుంటారు. అమెరికా స్కేళ్లు, సగం కుట్టిన క్విల్టు బ్లాకులు వాళ్లకి భారమే. అరిగిన బ్లేడ్లు టేపు చుట్టి, డబ్బాలో వేసి, మూత బిగించి పారేయండి. చెత్త తీసే చేతులు కోసుకుంటాయి.

ఇదే వరసలో "ప్రధానమంత్రి ఉచిత కుట్టు మిషన్" అని ఫీజు అడిగే మెసేజులూ తిరుగుతున్నాయి. ఆ పేరుతో కేంద్ర పథకం లేదు. దర్జీలకు ఉన్నది 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ. అందులో పరికరాలకు 15,000 రూపాయల వరకు ఈ-వోచర్ ఇస్తారు, పేరు నమోదుకు ఫీజు లేదు. అర్హత ఉంటే సగం చచ్చిన పాత మిషన్‌కి డబ్బు పోసేముందు అది చూసుకోవడం మంచిది.

అన్నీ సరిపోయి కొన్నారంటే, తీసుకెళ్లేటప్పుడు పాడుచేసుకోకండి. స్టాండుతో సహా ఆటోలో నిలబెట్టి ఎక్కిస్తే గతుకుల్లో మిషన్ తల వెనక్కి విరుచుకుపడుతుంది. బెల్టు తప్పించి, వెనక కీళ్ల దగ్గరున్న రెండు స్క్రూలు వదులు చేసి తలని విడిగా ఎత్తండి. సూది, బాబిన్ కేసు తీసి జేబులో వేసుకోండి. ఫుట్ కింద గుడ్డ మడత పెట్టి దించండి. తలని పాత బొంతలో చుట్టి, చక్రం మీద బరువు పడకుండా సీటు మీదే పెట్టుకోండి. స్టాండు కాళ్ల స్క్రూలు ఊడదీస్తే ఒక కవరులో వేసి స్టాండుకే కట్టేయండి, తర్వాత అదే సైజు దొరకడం కష్టం.