మబ్బుల నగరంలో ఐదేళ్లు: 10×50 బైనాక్యులర్‌తో నా అనుభవం

నక్షత్రాలు చూడాలన్న కోరికతో నేను మొదట కొన్నది బైనాక్యులర్ కాదు, 130 మిల్లీమీటర్ల అద్దం ఉన్న టెలిస్కోపు. దానిని మేడ మీదికి మోసుకువెళ్లి, స్టాండు నిలబెట్టి, దారిచూపే చిన్న దుర్భిణిని సరిచేసి, అద్దం బయటి చల్లదనానికి అలవాటు పడేదాకా అరగంట ఆగేసరికి, మబ్బు విడిన చోట మళ్లీ మబ్బు కమ్ముకునేది. ఏడాదిలో సగానికి పైగా మబ్బు పట్టి ఉండే నగరంలో ఎంత పెద్ద అద్దం ఉన్నదన్న దానికంటే ఎంత త్వరగా కంటికి ఆనించగలమన్నదే ముఖ్యమని ఆ టెలిస్కోపుతో పడిన పాట్ల వల్లనే తెలిసింది. ఆ తరువాత తీసుకున్న 10×50 బైనాక్యులర్‌ను ఐదేళ్లుగా వాడుతున్నాను.

ఈ అంకెలలో మొదటిది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో చెబుతుంది, రెండవది ముందు కటకం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెబుతుంది. 50ని 10తో భాగిస్తే వచ్చే 5 మిల్లీమీటర్లు కంటిలోకి చేరే కాంతిపుంజం వెడల్పు. చీకటి ఆకాశానికి 7×50 బాగుంటుందని చాలామంది చెబుతారు, కానీ వీధిదీపాల వెలుగు నిండిన ఆకాశంలో దాని 7 మిల్లీమీటర్ల పుంజం నక్షత్రాలతోపాటు ఆ బూడిదరంగు వెలుగును కూడా కంటినిండా నింపుతుంది. 10×50లో వెనుక ఆకాశం కొంత నల్లబడి, చుక్కలు తేలి కనిపిస్తాయి. నా బైనాక్యులర్‌లో ఒక్కసారిగా ఆరున్నర డిగ్రీల ఆకాశం, అంటే పక్కపక్కన పేర్చిన పదమూడు చందమామలంత మేర కనిపిస్తుంది. కొత్తవారు దారి తప్పకుండా ఉండటానికి ఈ వెడల్పే ఆధారం.

ఇక ఏమి కనిపిస్తుందన్న విషయం. మామూలు కంటికి మసకగా నాలుగైదు చుక్కలుగా తోచే కృత్తికలు, ఇందులో కొన్ని పదుల నక్షత్రాల గుంపుగా విచ్చుకుంటాయి. రోహిణి చుట్టూ ఉన్న చుక్కలన్నీ ఒకే చూపులో ఇముడుతాయి. నగరంలో కంటికి అసలే కనిపించని పుష్యమి నక్షత్రగుచ్ఛం ఇందులో చక్కగా తెలుస్తుంది. సప్తర్షి మండలంలో వశిష్ఠుడి పక్కన అరుంధతి స్పష్టంగా విడిగా కనిపించడమే కాక, గాలి తేటగా ఉన్న రాత్రి ఆ రెండింటితో త్రిభుజం కట్టే మరో మసక చుక్క కూడా చిక్కుతుంది. 2025 మార్చి మొదటి రోజులలో, సూర్యుడు పూర్తిగా అస్తమించాక పడమటి దిక్కున శుక్రుడు సన్నని నెలవంకలా కనిపించినప్పుడు, ఆకాశంలో ఇంకా సంధ్యవెలుగు ఉండటమే మేలైంది, ఎందుకంటే పూర్తి చీకటిలో దాని మిరుమిట్ల వల్ల ఆకారం తెలియదు.

గురుగ్రహం విషయంలో మబ్బులే నాకు ఒక మేలు చేశాయి. గెలీలియో 1610లో చూసిన నాలుగు ఉపగ్రహాలనూ ఇందులో చూడవచ్చు, చేతులు వణకకుండా ఉంటే. ఒక రాత్రి మొదటి సందులో వాటి వరుసను కాగితం మీద గీసుకున్నాను, తరువాత మబ్బు మూసింది, రెండు గంటల తరువాత మళ్లీ విడినప్పుడు చూస్తే అన్నిటికంటే లోపల ఉన్నది జరిగి ఉన్నది. అది గురుగ్రహాన్ని ఒకసారి చుట్టి రావడానికి 42 గంటలే పడుతుంది. ఆపకుండా చూస్తూ కూర్చుని ఉంటే ఆ కదలికను గమనించేవాడిని కాదేమో.

ఆశపడకూడనివి కూడా ఉన్నాయి. శని వలయాలు పదిరెట్లలో తెలియవు. మృగశిర కింద కత్తిలాంటి చోట ఉన్న నీహారిక బూడిదరంగు మసకగా మాత్రమే ఉంటుంది, ఫొటోలలోని ఎరుపు ఇందులో కంటికి కనిపించదు. నా బైనాక్యులర్‌లో అంచుల దగ్గర చుక్కలు తోకచుక్కల్లా సాగిపోతాయి. దాదాపు కిలో బరువు కాబట్టి అయిదు నిమిషాలకే చేతులు వణుకుతాయి. నేను మోచేతులను పిట్టగోడ మీద ఆనించి నెట్టుకొచ్చాను, మూడో ఏట ట్రైపాడ్‌కు బిగించే చిన్న బిళ్ల కొన్నాక అంతవరకు చూసింది సగమేనని అర్థమైంది.

ఫోకస్ గురించి ఒక మాట. ముందు కుడివైపు మూసి, ఎడమ కంటితో మధ్య చక్రం తిప్పి చుక్కను సూదిమొనలా చేయాలి, ఆ తరువాత ఎడమవైపు మూసి, కుడి కంటి దగ్గరి రింగును మాత్రమే సరిచేయాలి. చెట్లనూ పక్షులనూ చూసేటప్పుడు బయటపడని చిన్న తేడా కూడా నక్షత్రం మీద పట్టుబడుతుంది.

నేను చేసిన పెద్ద పొరపాటు దాచిపెట్టే తీరులో ఉంది. మొదటి వానాకాలం అంతా దానిని తోలుసంచిలో మూసి ఉంచాను, తీసి చూసేసరికి ఎడమ కటకం లోపలి వైపు సాలెగూడులా బూజు పాకింది. బాగుచేసిన చోట బూజును తుడిచారు కానీ, రెండు గొట్టాలనూ సమాంతరంగా అమర్చకుండానే తిరిగి ఇచ్చారు. ఒకే చుక్క రెండుగా కనిపించి, పావుగంట చూస్తే తలనొప్పి వచ్చేది. మరోసారి ఇచ్చి సరిచేయించాను. అప్పటి నుంచి గాలి చొరని డబ్బాలో, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచుతున్నాను, గుళికలు రంగు మారగానే వాటిని ఆరబెడుతున్నాను.

వాన వెలిసిన తరువాతి గంటను వదులుకోకండి, ధూళి కడుక్కుపోయి అప్పటి గాలి నెలంతటిలోకీ తేటగా ఉంటుంది. పలుచని పొరమబ్బు ఉన్నా చందమామనూ గురుగ్రహాన్నీ చూడవచ్చు. దట్టమైన మబ్బు నగరపు వెలుగును తిప్పికొట్టి ఆకాశమంతా నారింజరంగు పులిమిన రాత్రి మాత్రం నేను మేడ ఎక్కను. పాత టెలిస్కోపును ఇప్పటికీ శని కోసం, మబ్బులేని నెలలలో, నాలుగైదుసార్లు బయటికి తీస్తుంటాను.