అమలాపురంలో అద్దె పోర్షన్లకు గీజర్లు: గడియార స్తంభం దగ్గరి ఎలక్ట్రికల్ షాపు పనితనం

ఇల్లు అద్దెకిచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను. ఈ షాపువాళ్లతో మా మూడు పోర్షన్లలో వేడినీళ్ల ఏర్పాటు మొత్తం మార్పించాం. ఐదుకి నాలుగు స్టార్లు. ఒకటి ఎందుకు తగ్గించానో కింద చెబుతాను.

కోనసీమలో చలెక్కడుంది, వేడినీళ్లకి ఇంత ఖర్చు దేనికి అనేవాళ్లు ఇంకా ఉన్నారు. ధనుర్మాసం తెల్లారగట్ల చంటిపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న ఇంట్లో అడగండి, చెబుతారు. పూర్వం పెరట్లో కొబ్బరి డొక్కలు వేసి రాగి బాయిలర్లో కాచుకునేవాళ్లం, మేడ మీద పోర్షన్లో ఆ వీలెక్కడిది? 2022 ఏప్రిల్లో అమలాపురం జిల్లా కేంద్రం అయ్యాక బయటి ఊళ్ల ఉద్యోగులు అద్దెకి వస్తున్నారు, ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడే గీజర్ పాయింటుందా, ఎర్తింగ్ (లీకైన కరెంటుని నేలలోకి పంపే ఏర్పాటు) సరిగ్గా ఉందా అని అడుగుతున్నారు. అడగాలి కూడా.

మాకు పని మొదలైందే అక్కడ. కింద పోర్షన్లో ఉండే అమ్మాయి వచ్చి "అక్కా, గీజర్ వేసి కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోంది" అంది. వెంటనే స్విచ్ తీయించి ఈ షాపుకి కబురు చేశాం. వేరే చోటైతే కొత్త గీజర్ అంటగట్టేవాళ్లు. వీళ్ల మేస్త్రీ గీజర్ సంగతి తర్వాత చూద్దామని ముందు మీటరు బోర్డు విప్పాడు. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, మా ఇంట్లో అది లైట్లకి వేసిన సన్న వైరు మీదే నడుస్తోంది. ఎర్త్ పైపు పైకి బాగానే కనిపించింది గానీ తవ్వితే లోపల తుప్పు తినేసి ఊడొచ్చింది. మన నేలలో తేమ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఎర్త్ బాగా పట్టాలి, కానీ సముద్రం వైపు పోయేకొద్దీ ఆ నేలలోని ఉప్పే ఇనుమును తినేస్తుంది. అందుకని రాగి పూత ఉన్న రాడ్డు దింపారు, ఒక్కో గీజర్‌కీ విడిగా 4 స్క్వేర్ ఎంఎం వైరు లాగారు, స్విచ్ బాత్రూం బయట పెట్టారు.

తర్వాత ప్రతి పోర్షన్‌కీ 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్, ఆర్‌సీసీబీ. కేంద్ర విద్యుత్ అథారిటీ 2023 భద్రతా నిబంధనల్లో ఇళ్ల కనెక్షన్లకి చెప్పిన లీకేజీ హద్దు కూడా అదే. ఫ్యూజు బదులు వాడే మామూలు ఎంసీబీ స్విచ్ లోడెక్కువైనా షార్టయినా పడిపోయి కరెంటు ఆపుతుంది తప్ప మనిషికి షాక్ కొడితే పడదని చాలామంది ఓనర్లకి తెలియదు. బిగించిన రోజు సాయంత్రం నుంచే రెండో పోర్షన్లో ఆర్‌సీసీబీ ఊరికే పడిపోవడం మొదలైంది, ఆ ఇంటివాళ్లు కరెంటు లేక విసిగిపోయారు. ఇంకొకడైతే దాన్ని పీకేసి డైరెక్ట్ కలిపేసి వెళ్లిపోయేవాడు, ఊళ్లో అలా చేసిన ఇళ్లు నేను చూశాను. ఈ మేస్త్రీ మాత్రం "ఆయ్, ఇది పాడైంది కాదండీ, రెండిళ్ల న్యూట్రల్ ఎక్కడో కలిసిపోయిందండీ" అని ఒక్కో బాక్సూ విప్పుకుంటూ వెళ్లి, ఎప్పుడో పోర్షన్లు విడగొట్టినప్పుడు రెండిళ్ల న్యూట్రల్ తీగల్ని, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగల్ని, కలిపేసిన అతుకు పట్టుకున్నాడు. విడదీశాక మళ్లీ పడలేదు. ఈ షాపు గురించి రాయాలనిపించింది ఈ పనికే. పోర్షన్లుగా విడగొట్టిన పాత ఇల్లున్న ప్రతి ఒక్కరూ ఇది చూపించుకోవాలి.

మేడ మీద కాపురమున్న మేష్టారు సిలిండర్ గీజర్ చాలన్నారు. బాత్రూం లోపలైతే బిగించబోమని షాపువాళ్లు ఖచ్చితంగా చెప్పేశారు. గాలాడని చోట ఆ మంట ప్రాణవాయువుని తినేసి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, దానికి వాసనా రంగూ ఉండవు, తలుపేసుకుని స్నానం చేసే మనిషి అలాగే కూలిపోతాడు. అమ్మకం పోయినా ఒప్పుకోలేదు, అందుకు నమస్కారం. సోలార్ కూడా అడిగాం. డాబా నుంచి కింద పోర్షన్ దాకా పైపులో ఉన్న చన్నీళ్లన్నీ పోతేగానీ వేడినీళ్లు రావు, ముగ్గురికీ పంచాలంటే తగువులు అన్నారు, నిజమే.

గీజర్లు 15 లీటర్లవి, ఐఎస్ఐ గుర్తూ స్టార్ లేబులూ చూసి తీసుకున్నాం. స్టార్లు లెక్క కట్టేది నీళ్లు కాచడానికయ్యే కరెంటుని బట్టి అనుకుంటారు. 15 లీటర్లని 30 డిగ్రీలు పెంచడానికి ఏ గీజర్‌కైనా అర యూనిట్ పైనే పడుతుంది, కాగిన నీళ్లు ట్యాంకులో ఊరికే ఉన్నప్పుడు ఎంత వేడి పోతుందో దాన్ని బట్టే స్టార్లు. ఏ స్టారుకి ఎంత వేడి పోవచ్చనే హద్దుల్ని మధ్యమధ్యలో బిగిస్తుంటారు, అందుకని గోడౌన్‌లో మిగిలిపోయిన పాత స్టాకు వద్దని చెప్పి లేబుల్ మీది సంవత్సరం చూసుకోండి.

ఇక తగ్గించిన స్టార్. మన బోరు నీళ్లలో ఉప్పూ సున్నమూ ఎక్కువ. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల మెగ్నీషియం రాడ్డొకటి ఉంటుంది, ట్యాంకు బదులు అది అరిగిపోతుంది, అరిగాక మార్చకపోతే ట్యాంకు చిల్లు పడుతుంది. దాన్ని ఎప్పుడు విప్పి చూడాలో షాపువాళ్లు చెప్పరు, అడిగితే "నీళ్లు కారితే ఫోన్ చేయండి" అన్నారు. అప్పటికి ఏం మిగులుతుంది? ప్లంబర్ వేరే మనిషి, ఇద్దరూ ఒకరోజు రారు, టైల్స్‌కి వేసిన కన్నాలు పూడ్చడానికి బతిమాలాల్సి వచ్చింది.

కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో వైరింగ్ బాగుచేయించడం ఓనర్ పని, గీజర్ రిపేర్ అద్దెకున్నవాళ్ల పని అని ఉంది. నా మట్టుకు నేను మెగ్నీషియం రాడ్డూ సేఫ్టీ వాల్వూ కూడా ఓనరే చూసుకోవాలంటాను. పదకొండు నెలల అగ్రిమెంటు మీద వచ్చినవాళ్లు ఎన్నో ఏళ్లు ఉండాల్సిన ట్యాంకు గురించి ఎందుకు పట్టించుకుంటారు? మేం అగ్రిమెంట్లో అలాగే రాయించాం, ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కే పని మాత్రం వాళ్లకిచ్చాం.

బిల్లు అడిగితే సామాను, కూలి విడివిడిగా రాసిస్తారు. మాకు వైరూ ఎర్తింగూ కలిపి ఒక గీజర్ ఖరీదంత అయింది, అది తగ్గించమని మాత్రం బేరమాడకండి. డిసెంబరులో మేస్త్రీలు దొరకరు, దసరా వెళ్లగానే చెప్పి పెట్టుకోండి.