ఫీనిక్స్ వాలెట్: లైట్నింగ్ సౌకర్యానికి అసలు ఖరీదెంత?

బిట్‌కాయిన్ దాచుకోవడానికే గాని ఖర్చు పెట్టుకోవడానికి పనికిరాదన్న మాట క్రిప్టో వర్గాల్లో చాలా ఏళ్లుగా నలుగుతోంది. ఆ మాటకు జవాబుగా, బిట్‌కాయిన్‌ను త్వరగా చెల్లించేందుకు పుట్టిన లైట్నింగ్ వాలెట్లు (ఫోన్ యాప్‌లు) ఎన్నో ఉన్నా, తాళాలను, అంటే డబ్బును కదిలించే రహస్య సంకేతాలను, మన చేతిలోనే ఉంచుతూ, సాంకేతిక పరిజ్ఞానం అంతగా లేనివారు కూడా వాడుకోగలిగేంత సులువుగా ఉన్నవి తక్కువ. పారిస్‌కు చెందిన ఏసింక్ సంస్థ 2019 చివర్లో తెచ్చిన ఫీనిక్స్ అటువంటి వాటిలో ఒకటి. ఆండ్రాయిడ్ ఫోన్లోనూ ఐఫోన్లోనూ పనిచేస్తుంది, కోడ్ అందరికీ బహిరంగంగా అందుబాటులో ఉంది. ఈ కోవలో నేను వాడి చూసిన వాలెట్లలో నాకు ఇదే మెరుగనిపించింది. అయితే ఎవరికి మెరుగు, ఎంత ఖర్చుకు మెరుగు అన్నది తేల్చకుండా ఆ మాట ఒక్కటే చెప్పి వదిలేస్తే చదివేవారికి న్యాయం చేసినట్టు కాదు.

ముందుగా కొంత నేపథ్యం చెప్పుకోవాలి. బిట్‌కాయిన్‌లో లావాదేవీలను బ్లాకులనే కట్టలుగా చేర్చి, వాటిని గొలుసుగా ఒకదాని తర్వాత ఒకటి నమోదు చేస్తారు. సగటున పది నిమిషాలకు ఒక బ్లాకు తయారవుతుంది, దానిలో చోటు పరిమితం. అందువల్ల ప్రపంచం మొత్తానికి కలిపి సెకనుకు ఏడు లావాదేవీలకు కాస్త అటూ ఇటూగా మాత్రమే వీలు కలుగుతుంది. ఆ బ్లాకు పరిమాణాన్ని పెంచాలా వద్దా అన్న తగవు 2015 నుంచి 2017 వరకు తీవ్రంగా సాగింది. పెంచాలన్నవారు 2017 ఆగస్టు 1న బిట్‌కాయిన్ క్యాష్ పేరుతో విడిపోయి, ఎనిమిది మెగాబైట్ల బ్లాకుతో మొదలుపెట్టి, మరుసటి ఏడాదికి దాన్ని 32 మెగాబైట్లకు తీసుకువెళ్లారు. మిగిలినవారు అదే నెలలో లావాదేవీ సమాచారాన్ని అమర్చే తీరును మార్చే సెగ్విట్ మార్పును అమల్లోకి తెచ్చి, రోజువారీ చెల్లింపులను అసలు గొలుసు మీద కాకుండా దాని పైన కట్టిన రెండో అంచెలో జరుపుకోవాలని నిర్ణయించుకున్నారు. ఆ రెండో అంచె పేరే లైట్నింగ్.

లైట్నింగ్ పద్ధతిలో ఇద్దరు కలిసి కొంత బిట్‌కాయిన్‌ను ఉమ్మడి తాళం కింద పెడతారు. దీన్ని చానెల్ అంటారు. అందులో ఎవరి వాటా ఎంత అన్న లెక్కను తమ మధ్యనే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. గొలుసు మీద నమోదు చేయాల్సింది చానెల్ తెరిచినప్పుడూ మూసినప్పుడూ మాత్రమే. ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటి ఉంది. జోసెఫ్ పూన్, థాడియస్ డ్రైజా 2016లో ఖరారు చేసిన లైట్నింగ్ మూలపత్రంలోనే, ప్రపంచంలోని 700 కోట్ల మంది ఏడాదికి రెండేసి చానెళ్లు తెరుచుకోవాలంటే 133 మెగాబైట్ల బ్లాకులు కావాలని లెక్క కట్టి చూపారు. అంటే అసలు గొలుసు మీద ఇరుకు తీరకపోతే రెండో అంచె కూడా అందరికీ చాలదని దాన్ని ప్రతిపాదించినవారే ఒప్పుకున్నారు. ఫీనిక్స్‌ను ఎంచేటప్పుడు ఈ సంగతిని గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే ఈ యాప్‌లో బాగున్నవీ బాగులేనివీ చాలావరకు ఇక్కడి నుంచే వస్తాయి.

ఫీనిక్స్ గొప్పతనమంతా చానెల్ అనే తలనొప్పిని వాడేవారి కంటికి కనపడకుండా చేయడంలో ఉంది. పాత లైట్నింగ్ వాలెట్లలో ఎవరితో చానెల్ తెరవాలి, ఎంత మొత్తంతో తెరవాలి, అవతలి వైపు మనకు చెల్లించేందుకు సరిపడా డబ్బు ఉందా లేదా అన్నవన్నీ మనమే చూసుకోవాల్సి వచ్చేది. ఫీనిక్స్‌లో చానెల్ ఎప్పుడూ ఏసింక్ నోడ్‌తోనే (ఆ సంస్థ నడిపే లైట్నింగ్ కంప్యూటర్‌తోనే) ఉంటుంది, దాన్ని తెరిచే పని కూడా ఆ సంస్థే చూసుకుంటుంది. 2023 జూలైలో వచ్చిన స్ప్లైసింగ్ మార్పుకు ముందు, చానెల్ సామర్థ్యానికి మించిన మొత్తం వచ్చినప్పుడల్లా యాప్ కొత్త చానెల్ తెరిచేది. పదిసార్లు అలా జరిగితే పది చానెళ్లు పేరుకునేవి. ఆ మార్పు తర్వాత ఉన్న ఒక్క చానెల్‌నే పెద్దది చేయడం, చిన్నది చేయడం కుదురుతోంది. లైట్నింగ్‌లో ఉన్న డబ్బును మామూలు బిట్‌కాయిన్ చిరునామాకు పంపాలన్నా మధ్యలో వేరే మార్పిడి సేవ అక్కర్లేదు. మైనింగ్ ఫీజు (లావాదేవీని బ్లాకులో చేర్చే మైనర్లకు ఇచ్చే రుసుము) కట్టుకుంటే ఒక్క లావాదేవీతో పని పూర్తవుతుంది. నా దృష్టిలో ఈ యాప్‌లో వచ్చిన మార్పులన్నింటిలోకీ విలువైనది ఇదే.

మొదలుపెట్టడం తేలిక. ఈమెయిల్, ఫోన్ నంబరు, ఆధార్ వంటివేవీ అడగదు. కొత్త వాలెట్ తయారు చేయమంటే చేస్తుంది, ఆ తర్వాత 12 ఇంగ్లిష్ పదాలను చూపించి రాసుకోమంటుంది. ఈ పదాలను 2048 పదాల స్థిరమైన జాబితా నుంచి ఎంచుతారు. ఆ జాబితాలో ఏ రెండు పదాలకూ మొదటి నాలుగు అక్షరాలు ఒకటిగా ఉండవు. కాబట్టి పదం చివర స్పెల్లింగ్ తప్పినా మొదటి నాలుగు అక్షరాలు సరిగ్గా ఉంటే వాలెట్ తిరిగి వస్తుంది. కానీ పదాల వరుస తప్పితే మాత్రం రాదు. వీటిని స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో పెట్టుకోవడమంటే బీరువా తాళం చెవిని బీరువాకే వేలాడదీయడం, కాబట్టి కాగితం మీద రాసుకోవడమే మంచిది. ఫోన్ పోయినా చానెల్ తాజా స్థితి సంకేత రూపంలో ఏసింక్ దగ్గర భద్రంగా ఉంటుంది గనుక, కొత్త ఫోన్లో ఈ పదాలు ఇస్తే నిల్వ తిరిగి కనిపిస్తుంది. లైట్నింగ్ వాలెట్లలో ఈ ఏర్పాటు మొదటి నుంచీ సహజంగా ఉన్నదేమీ కాదు.

ఇక ఫీజుల సంగతి విడమరిచి చూడాలి. ఒక బిట్‌కాయిన్‌లో పది కోట్ల సాట్లు ఉంటాయి. లైట్నింగ్ ద్వారా పంపితే ఫీనిక్స్ తీసుకునేది 0.4 శాతం, దానిపై మరో నాలుగు సాట్లు. పదివేల సాట్లు పంపితే 44 సాట్లు, లక్ష పంపితే 404 సాట్లు పడతాయి. ఈ లెక్క న్యాయంగానే ఉంది. కానీ 500 సాట్ల చిల్లర చెల్లింపుకు ఆరు సాట్లు పడతాయి, అది 1.2 శాతం, వంద సాట్లకైతే నాలుగు శాతం దాటుతుంది. లైట్నింగ్ అంటే పైసల్లో చెల్లింపులు అని విని వచ్చినవారు ఈ తేడాను గమనించాలి. ఈ రేట్లు ఏ మూలో దాచిపెట్టినవి కావు. చెల్లింపు వివరాలు తెరిచి చూస్తే సేవకు ఎంత తీసుకున్నారో, మైనర్లకు ఎంత పోయిందో విడివిడిగా కనిపిస్తుంది. ఫీజే లేదని చెప్పి మారకపు రేటులో కోత పెట్టే సేవలు చూసి విసిగినవారికి ఈ నిజాయితీ నచ్చుతుంది.

స్వీకరించే వైపు లెక్క కాస్త చిక్కుగా ఉంటుంది. చానెల్‌లో అవతలి వైపు సరిపడా జాగా (మనకు చెల్లించేందుకు ఏసింక్ వాటాగా ఉన్న డబ్బు) ఉన్నప్పుడు వచ్చిన మొత్తానికి ఫీజు లేదు. జాగా చాలకపోతే చానెల్‌ను పెంచాలి. అందుకు ఒక శాతం సేవా ఫీజుతో పాటు గొలుసు మీద జరిగే లావాదేవీకి మైనింగ్ ఫీజూ పడుతుంది. మైనింగ్ ఫీజుకు పంపిన మొత్తంతో సంబంధం లేదు, గొలుసు మీద లావాదేవీ ఆక్రమించే చోటును బట్టి, ఆ రోజు రద్దీని బట్టి ఉంటుంది. ఉదాహరణకు లావాదేవీ 200 వీబైట్లు (ఆ చోటును కొలిచే ప్రమాణం) ఉందనుకుందాం. రద్దీ లేనప్పుడు వీబైటుకు రెండు సాట్ల చొప్పున 400 సాట్లతో పోతుంది. రద్దీ పెరిగి వీబైటుకు వంద సాట్లయితే అదే పనికి 20,000 సాట్లు కావాలి. ఎవరైనా మీకు పంపింది 20,000 సాట్లే అయితే అదంతా ఫీజుకే సరి. 2024 ఏప్రిల్ 20న హావింగ్ (మైనర్లకు దక్కే కొత్త బిట్‌కాయిన్లు సగానికి తగ్గడం) జరిగిన 840,000వ బ్లాకు దగ్గరే, బిట్‌కాయిన్ గొలుసు మీదే నమోదయ్యే రూన్స్ టోకెన్లు కూడా మొదలవడంతో, ఆ రోజు ఒక్కో లావాదేవీ సగటు ఫీజు వంద డాలర్లు దాటింది. అటువంటి రోజు వస్తే చిన్న మొత్తాలు స్వీకరించేవారికి ఈ వాలెట్ పనికిరాదు.

అందుకే యాప్‌లో చానెల్ నిర్వహణకు గరిష్ఠ ఫీజు పరిమితి పెట్టుకునే వీలు ఇచ్చారు. పరిమితి దాటే పరిస్థితి వస్తే చెల్లింపును యాప్ తిరస్కరిస్తుంది, మీ డబ్బులో కోత పడదు. కొత్తగా పెట్టుకున్నవారు ముందుగా ఈ సెట్టింగు చూసుకోవాలి. రద్దీ లేని సమయం చూసి ఒకేసారి పెద్ద మొత్తం వేసుకుని, స్వీకరించే జాగాను కూడా అప్పుడే కొనిపెట్టుకుంటే ఆ తర్వాత చాలాకాలం మైనింగ్ ఫీజు ఊసే ఉండదు. బ్లాకు పరిమాణం గురించి ఏళ్ల తరబడి జరిగిన వాదమంతా ఈ యాప్‌లో మైనింగ్ ఫీజు అన్న ఒక్క వరుసగా మిగిలిందని నాకు అనిపిస్తుంది. ఆ సమస్య తీరిపోలేదు; దాన్ని ఎప్పుడెప్పుడు ఎదుర్కోవాలో ఎంచుకునే అవకాశం మాత్రం ఫీనిక్స్ ఇచ్చింది.

పంపడం వరకు చూస్తే ఫిర్యాదు చేయాల్సిందేమీ లేదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడం, మొత్తం సరిచూసుకోవడం, వేలితో నొక్కడం. కొన్ని సెకన్లలో అయిపోతుంది. అయితే మన దుకాణాల్లో గోడకు అంటించిన యూపీఐ కోడ్‌కు అలవాటు పడినవారికి మామూలు లైట్నింగ్ ఇన్‌వాయిస్ వింతగా ఉంటుంది. అది ఒక్క చెల్లింపుకే పనికొస్తుంది, కొంతసేపటికి గడువు తీరుతుంది, మళ్లీ కొత్తది తయారు చేయాలి. ఎన్నిసార్లయినా వాడుకోగల బోల్ట్ 12 పద్ధతిని ఫీనిక్స్ 2024లో తెచ్చింది గాని, అవతలి వారి వాలెట్ కూడా దాన్ని అర్థం చేసుకోగలిగితేనే ప్రయోజనం ఉంటుంది. ఇంకొకటి, డబ్బు రావాలంటే మన ఫోన్ నెట్‌లో ఉండాలి. బ్యాటరీ ఆదా పేరుతో యాప్‌లను నిద్రపుచ్చే ఫోన్లలో ఫీనిక్స్‌కు ఆ ఆంక్ష నుంచి మినహాయింపు ఇవ్వాలి.

నమ్మకం విషయంలో స్పష్టంగా ఉండాలి. తాళాలు మనవే, కాబట్టి ఏసింక్ మన డబ్బు తీసుకోలేదు. ఆ సంస్థ రేపు మూతపడినా యాప్ నుంచే చానెల్‌ను బలవంతంగా మూసి, నిర్ణీత గడువు తర్వాత డబ్బును గొలుసు మీదకు తెచ్చుకోవచ్చు. కానీ చెల్లింపుకు దారి వెతికేది ఏసింక్ నోడే గనుక ఎంత మొత్తం ఎవరికి చేరుతోందో ఆ సంస్థకు తెలుస్తుంది. ఈ సంగతి ఆ సంస్థే బహిరంగంగా చెబుతుంది. గోప్యతే ముఖ్యమనుకునేవారికి ఈ లోపం చిన్నదేమీ కాదు. అందరూ ఒకే సంస్థ మీద ఆధారపడటంలో ఉన్న ఇబ్బంది 2024లో అమెరికాలో బయటపడింది. సమురాయ్ అనే మరో బిట్‌కాయిన్ వాలెట్ నిర్మాతలను అక్కడ అరెస్టు చేసిన కొద్ది రోజులకే, చట్టం తమకు ఎలా వర్తిస్తుందో స్పష్టత లేదంటూ ఏసింక్ అమెరికా యాప్ స్టోర్ల నుంచి ఫీనిక్స్‌ను ఉపసంహరించుకుంది. మళ్లీ 2025 ఏప్రిల్‌లోగాని తిరిగి పెట్టలేదు. అమెరికాలో ఉన్న మన తెలుగువారిలో దీన్ని వాడుతున్నవారికి డబ్బు పోలేదు గాని, ప్రత్యామ్నాయం చూసుకోవాల్సిన అవసరం వచ్చింది.

దీనితో పోల్చదగిన వాటిలో వాలెట్ ఆఫ్ సతోషీ మరింత సులువు, కానీ అందులో మొదటి నుంచీ ఉన్న పద్ధతిలో డబ్బు సంస్థ దగ్గరే ఉంటుంది. బ్లూవాలెట్ తన లైట్నింగ్ సేవను అదే పద్ధతిలో నడిపి, 2023లో దాన్ని మూసేస్తున్నామని ప్రకటించి, నిల్వలు బయటకు తీసుకోమని వాడుకరులను కోరాల్సి వచ్చింది. బిట్‌కాయిన్ క్యాష్ వాలెట్లలో ఈ చానెళ్ల గొడవే ఉండదు, ఫీజూ నామమాత్రం. కాకపోతే దాన్ని తీసుకునేవారు తక్కువ, ధరలోనూ అది బిట్‌కాయిన్‌కు చాలా వెనకబడింది.

చివరగా రోజువారీ వాడకం. ఎల్ సాల్వడార్ 2021 సెప్టెంబరు 7న బిట్‌కాయిన్‌ను చట్టబద్ధ నగదుగా చేసి, వ్యాపారులు దాన్ని తప్పక తీసుకోవాలంది. ఐఎంఎఫ్‌తో రుణ ఒప్పందం కుదిరాక, 2025 జనవరిలో చట్టాన్ని సవరించి ఆ నిర్బంధాన్ని ఎత్తివేసింది. దేశం మొత్తం పూనుకున్న చోటే పరిస్థితి అలా ఉంటే, యూపీఐతో ఉచితంగా, క్షణాల్లో చెల్లించే అలవాటు ఉన్న హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూరగాయల బండి దగ్గర ఫీనిక్స్ తెరిచే అవసరం ఎవరికీ రాదు. ఇక్కడ దీని ఉపయోగం బిట్‌కాయిన్ తీసుకునే విదేశీ ఆన్‌లైన్ సేవలకు చెల్లించడానికీ, బయట ఉన్న మిత్రులతో చిన్న మొత్తాలు ఇచ్చిపుచ్చుకోవడానికీ పరిమితం. అదీ పన్ను లెక్కతోనే: 2022 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉంది, ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంలో మినహాయించుకోనివ్వరు, అదే ఏడాది జూలై 1 నుంచి ఒక శాతం టీడీఎస్ కూడా వచ్చింది. బిట్‌కాయిన్‌తో ఏదైనా కొనడం కూడా దాన్ని బదిలీ చేయడమే కాబట్టి, చెల్లించిన ప్రతిసారీ కొన్న ధర, ఇచ్చిన రోజు ధర రాసి పెట్టుకోవాలి. ఫీనిక్స్‌లో చెల్లింపుల చరిత్రను ఫైలుగా దించుకునే సదుపాయం ఉంది. ఇక్కడ వాడేవారు రిటర్న్ వేసే సమయం దాకా ఆగకుండా నెలకోసారి దాన్ని దించి, పక్కన రూపాయల విలువ నింపుకుంటూ ఉండటం మేలు.