మిల్లర్ లాగడానికి పాత బొలెరో క్యాంపర్: కొనేముందు హుక్ చూడండి

పాత క్యాంపర్ (రెండు వరసల సీట్లు, వెనక సామాను తొట్టి ఉండే బొలెరో) కొని మిల్లర్ (కంకర కలిపే మిషన్) లాగించుకుందామనుకునే వాళ్లందరూ నన్ను ముందు అడిగేది ఒకటే: "పుల్లింగ్ ఎట్లుంది?" పుల్లింగ్ బ్రహ్మాండం. కానీ నాలుగైదేళ్లుగా వాడుతున్నాక నేను చెప్పేది వేరే. బండి వెనక కింద ఉండే హుక్కును చూడందే అడ్వాన్స్ ఇవ్వకండి.

మాది దేవరకొండ దగ్గర స్లాబ్ పని. ఇదివరకు మిల్లర్‌కు ట్రాక్టర్ కిరాయి, మేస్త్రీలకు ఆటో కిరాయి, సెంట్రింగ్ సామానుకు ఇంకో ట్రిప్పు. ఇప్పుడు మేస్త్రీలు క్యాబిన్‌లో, వైబ్రేటర్, డీజిల్ క్యాన్, తట్టలు వెనక, మిల్లర్ హుక్కుకు. ఎండ ముదరకముందే కంకర కలపడం మొదలైపోతుంది. నేను కొన్నది ఏపీ 24 నంబర్ బండి, అంటే రాష్ట్రం విడిపోకముందే నల్గొండలో రిజిస్ట్రేషన్ అయింది. అంత పాతదైనా ఆ డీజిల్ ఇంజన్ కింది గేర్లలో లాగే తీరు చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. చందంపేట వైపు తండాల ఎత్తుల్లో ఫస్ట్ గేర్‌లో పెట్టి, యాక్సిలరేటర్ మీద కాలు అట్లా ఆనిస్తే చాలు, టన్నుకు పైనున్న మిల్లర్‌ను వెంటేసుకుని నిదానంగా ఎక్కేస్తుంది.

అట్లా ఎక్కుతుండగానే ఒకరోజు వెనక నుంచి టక్కుమని చప్పుడైంది. బండి ఒక్కసారిగా తేలికైనట్టు ముందుకు దూకింది, వెంటనే వెనక్కి గుంజింది. నేను బ్రేక్ తొక్కిపట్టాను. వెనక సీట్లోని పిల్లగాడు తల బయటపెట్టి, "అన్నా, గొలుసు ఆపింది! బ్రేక్ ఇడవకు!" అని అరిచాడు. అందరూ దూకి మిల్లర్ చక్రాల కింద రాళ్లు పెట్టేదాకా నా కాలు వణుకుతూనే ఉంది. మా వెనకాలే బడికి పోయే పిల్లలు నడిచి వస్తున్నారు. హుక్కు తెగినా మిల్లర్ వదిలిపోకుండా బండికి కట్టుకున్న ఆ గొలుసే లేకపోతే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా మనసు రాదు.

కింద దూరి చూస్తే వెల్డింగ్ ఊడలేదు. వెల్డింగ్ గీత పక్కనే చాసిస్ అడ్డపట్టీ చీరింది. చీలికలో చాలా భాగం ముదురు తుప్పు రంగులో ఉంది, చివర రెండు వేళ్ల మేర మాత్రం తళతళలాడుతోంది. తుప్పు పట్టిన భాగం ఏనాడో పగిలింది, మెరుస్తున్నది ఆ రోజు తెగింది. బండి నా చేతికి రాకముందు ఏదో షాపులో చాసిస్‌కు నేరుగా ఇనుప ప్లేటు అతికించి, పైన నల్ల రంగు కొట్టేశారు. వెల్డింగ్ వేడికి పక్కనున్న ఉక్కు గట్టిపడి పెళుసవుతుంది. మిల్లర్ గతుకు గతుకుకూ గుంజుతుంటే బీట అక్కడే మొదలవుతుంది. రంగు కింద దాన్ని దాచి అమ్మినవాళ్ల మీద నాకు ఈనాటికీ కోపం తగ్గలేదు. ఇంజన్‌లో లోపం దాస్తే డబ్బు పోతుంది, హుక్కులో దాస్తే రోడ్డు మీద ఎవరి ప్రాణమో పోతుంది.

తర్వాత పాత అడ్డపట్టీ తీసేయించి, చాసిస్ రెండు పక్కల పట్టీలకూ అందేలా మందపాటి చానల్ వేయించి, బోల్టులతో బిగించాం. చాసిస్ పట్టీల పై అంచుకు, కింది అంచుకు కొత్త రంధ్రాలు వేయనివ్వలేదు, బలమంతా అక్కడే ఉంటుంది కాబట్టి. తల మీద 8.8 అని గుర్తున్న గట్టి రకం బోల్టులే తెచ్చాను. గొలుసులు ఇప్పుడు రెండు. మిల్లర్ బారు (హుక్కుకు తగిలించే ఇనుప కడ్డీ) కింద ఒకదానిమీద ఒకటి అడ్డంగా వచ్చేలా తగిలిస్తాం, పిన్ను జారినా బారు రోడ్డుకు గుచ్చుకోకుండా అవి పట్టుకుంటాయి.

నేను ఊహించని లాభం హుక్ ఎత్తుతో వచ్చింది. పాత హుక్ ఎత్తుగా ఉండేది. మిల్లర్ ముక్కు పైకి లేచి, వెనక భాగం ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ గీసుకునేది. కొత్తది కిందికి దించి, బారుకు సమానంగా పెట్టించాక గీసుకోవడం పోయింది, ఊగడమూ తగ్గింది.

పుల్లింగ్ బ్రహ్మాండం అన్నాను, అది ఎక్కేటప్పటి మాట. దిగేటప్పుడు మిల్లర్‌కు బ్రేకులు ఉండవు, బరువంతా బండిని వెనక నుంచి తోస్తుంది. దిగుడు మొదలుకాకముందే సెకండ్ గేర్‌లో పెట్టుకోవాలి, మధ్యలో మార్చొద్దు. మెటల్ రోడ్డు మీద వెనక టైర్లకు పట్టు చాలక బండి జారుతుంది, అందుకే సామానంతా వెనక టైర్ల మీదికి వచ్చేలా సర్దుతాం. సందుల్లో మిల్లర్‌ను రివర్స్ చేయడానికి తంటాలు పడితే క్లచ్ ప్లేటు కాలిన వాసన వస్తుంది, అది ఏ బండికైనా తప్పదు. మేమైతే విప్పేసి నలుగురం చేతులతో తోసుకుంటాం. ఊరు చేరగానే మిల్లర్ చక్రాల హబ్బు మీద చెయ్యి పెట్టి చూడటం అలవాటు చేసుకోండి. చెయ్యి నిలవనంత వేడిగా ఉంటే బేరింగ్ పోతున్నట్టే.

కొనాలా వద్దా అంటే, అది మీ పనిని బట్టి. మావి దేవరకొండ చుట్టుపక్కల దగ్గర దగ్గర పనులు, నిదానంగా పోతాం, చీకటి పడ్డాక మిల్లర్ కదపం. మెకానిక్ కూడా మా వీధిలోనే ఉంటాడు. ఇవన్నీ కుదిరాయి కాబట్టి నాకు ఈ బండి బంగారం. నల్గొండ నుంచి హైదరాబాద్ దాకా లాక్కెళ్లే పనైతే మాత్రం మిల్లర్‌ను డీసీఎం లారీలో ఎక్కించుకుపోవడమే మంచిదంటాను. బండి పాతబడే కొద్దీ ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఖర్చు ఏటా ఉంటుంది, అదీ లెక్కేసుకోండి. చూడటానికి వెళ్లేటప్పుడు టార్చి లైటు, ఒక ఇనుప బ్రష్ జేబులో వేసుకెళ్లండి. హుక్ చుట్టూ కొత్త రంగు కనిపిస్తే గీకి చూస్తానని అడగండి. వద్దన్నారంటే ఆ బండి ఎంత తక్కువకొచ్చినా నేనైతే తీసుకోను.