అరబికా, రొబస్టా: పోల్చుకోవడానికి ఏ గుర్తు మేలు?

రొబస్టా అని మనం పిలిచే కెనెఫొరా అనే కాఫీ జాతికీ, యూజెనియాయిడిస్ అనే మరో కాఫీ జాతికీ సహజంగా జరిగిన సంకరణం వల్ల పుట్టినదే అరబికా. కనుక అరబికా, రొబస్టా దాయాదులు కావు. రొబస్టా తల్లిదండ్రుల్లో ఒకరు, అరబికా సంతానం. ఎదురెదురు ఆకులు, ఆ ఆకుల కాడల నడుమ పొలుసుల్లా ఉండే పత్రపుచ్ఛాలు, ఆకు అడుగుభాగానికే పరిమితమైన పత్రరంధ్రాలు (ఆకు గాలి పీల్చే సూక్ష్మ రంధ్రాలు) రెండింటికీ ఉమ్మడి లక్షణాలే కాబట్టి, వీటితో మొక్క కుటుంబం తెలుస్తుందేమో గాని జాతి తేలదు.

చాలామంది ముందుగా ఆకు పరిమాణాన్నే చూస్తారు. రొబస్టా ఆకు పెద్దది, ముడతలు తేలినది; అరబికా ఆకు చిన్నది, నిగనిగలాడేది. అయితే నీడలో పెరిగిన అరబికా ఆకు కూడా వెడల్పవుతుంది. పత్రరంధ్రాల సాంద్రతదీ అదే ఇబ్బంది: రొబస్టాలో అవి సాధారణంగా ఒత్తుగా ఉన్నా, వెలుతురును బట్టి ఆ లెక్క మారుతుంది.

నా దృష్టిలో వీటికన్నా మేలైనది రక్షక కణాల, అంటే ఒక్కో పత్రరంధ్రానికి ఇరువైపులా ఉండే కణాల, పొడవు. ముదిరిన ఆకు అడుగున రంగులేని గోళ్ల పాలిష్ పలుచగా పూసి, ఆరాక సెల్లో టేపుతో ఊడదీసి గాజు పలకపై అతికిస్తే, సూక్ష్మదర్శినిలో పత్రరంధ్రాల అచ్చు స్పష్టంగా కనిపిస్తుంది. రొబస్టాలో 22 క్రోమోసోములుంటే అరబికాలో 44 ఉన్నాయి; ఆ రెట్టింపు వల్ల అరబికా రక్షక కణాలు పెద్దవిగా, రంధ్రాలు దూరదూరంగా ఉంటాయి. ఒక్క రంధ్రాన్ని చూసి తీర్పు చెప్పకుండా, కనీసం ఇరవై ముప్పయి కొలిచి సగటు తీయాలి. ఈ గుర్తుకూ ఒక లోపముంది. కాల్చిసిన్ అనే రసాయనంతో క్రోమోసోములను రెట్టింపు చేసిన రొబస్టాను అరబికాతో సంకరపరచి అరబుస్టా అనే సంకర కాఫీని తయారు చేశారు. అటువంటి మొక్కల్లో కణాల పరిమాణం చెప్పేది జాతిని కాదు, క్రోమోసోముల సంఖ్యను మాత్రమే.

మొక్క లేకుండా గింజ మాత్రమే చేతిలో ఉంటే ఇంత శ్రమ అక్కరలేదు. చదునైన వైపు గాడి వంకరగా ఉండి గింజ కోలగా ఉంటే అరబికా. గాడి తిన్నగా, గింజ గుండ్రంగా ఉంటే రొబస్టా. పండులో ఒకే గింజ ఏర్పడి చదునైన వైపే లేకుండా పెరిగిన పీబెర్రీలను మాత్రం ముందే ఏరివేయాలి.