మేనేజర్ మాట, ఆటగాడి ధర: ఇంగ్లండ్ ఫుట్‌బాల్ రాతలపై ఒక పాత పాఠకుడి సమీక్ష

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ గురించి అక్కడి విలేకరులు రాసేదాన్ని దాదాపు ఇరవై ఏళ్లుగా చదువుతున్నాను. హైదరాబాద్‌లో ఉన్నవాడికి మ్యాచ్ జరిగే తొంభై నిమిషాలు టీవీలో దొరుకుతాయి. మిగిలిన వారమంతా ఆ క్లబ్బులో ఏం జరుగుతోందో తెలిసేది ఈ రాతల వల్లే. ఉచితంగా వచ్చేవి, చందా కట్టి చదివేవి, పాడ్‌కాస్టులు, విలేకరుల సమావేశాల వీడియోలు అన్నీ వాడి చూశాను. తీర్పు ముందే చెప్పేస్తాను. మేనేజర్ గురించి, అంటే జట్టును ఎంపిక చేసి ఆడించే ప్రధాన శిక్షకుడి గురించి, అవసరానికి మించి రాస్తారు, ఆటగాడి గురించి అవసరమైనంత రాయరు. ఒకే క్లబ్బును అంటిపెట్టుకుని తిరిగే విలేకరుల పని మాత్రం కట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, మాట్లాడక తప్పనివాడి గురించే ఎక్కువ రాయగలరు. ఇంగ్లండ్ అగ్ర లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ నిబంధనల ప్రకారం మేనేజర్ మ్యాచ్‌కు ముందు విలేకరుల ఎదుట కూర్చోవాలి. మ్యాచ్ అయ్యాక, గెలిచినా ఓడినా, ప్రసార హక్కులు కొన్న చానళ్లతో మాట్లాడాలి. వారానికి రెండు మ్యాచ్‌లు పడితే ఆ మనిషికి నోటికి విశ్రాంతి దొరికే రోజే ఉండదు. ఆటగాళ్లకు ఈ బెడద తక్కువ. ఒకరిద్దరిని టీవీ ముందు నిలబెడతారు. మిగిలినవారు విలేకరులు కాచుకుని ఉండే మిక్స్‌డ్ జోన్ గుండా, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఫోను చూసుకుంటూ బస్సెక్కేస్తారు. పేజీ మాత్రం నిండాలి కదా! ఒకడి మోకాలి గాయం గురించి, ఇంకొకడి పోయిన ఫామ్ గురించి, మరొకడి కాంట్రాక్టు పేచీ గురించి జవాబు చెప్పే భారం మేనేజర్ మీదే పడుతుంది. పాతిక మంది కథ ఒక్క నోటి గుండా రావడమే ఈ సరుకులోని అసలు లోపం.

వారాంతపు మ్యాచ్‌కు ముందు జరిగే శుక్రవారం సమావేశాన్ని దగ్గరగా గమనిస్తే ఇది బాగా తెలుస్తుంది. మొదటి ప్రశ్న గాయాల గురించే. ‘ఇంకో శిక్షణ మిగిలి ఉంది, చూద్దాం’ అంటాడు మేనేజర్. ఆ ఒక్క ముక్కలోంచి పది నిమిషాల్లో ఒక పత్రిక ‘ఆడేది అనుమానమే’ అని, మరొకటి ‘అభిమానులకు ఊరట’ అని శీర్షికలు తీస్తాయి. ఆ తర్వాత కెమెరాలు ఆపి, అచ్చు పత్రికల వారికి విడిగా కొంత సమయం ఇస్తారు. ఆ మాటలను రాత్రి పదిన్నర దాకా బయటపెట్టకూడదన్న ఒప్పందం చాలాచోట్ల ఉంటుంది; మర్నాటి పత్రికకు తాజా సరుకు మిగలాలి కనుక. అక్కడ రాత్రి పదిన్నర అంటే మనకు వేసవిలో తెల్లవారుజామున మూడు, చలికాలంలో నాలుగు. పొద్దున్నే ఫోను తెరిచిన మన పాఠకుడికి మేనేజర్ రాత్రికి రాత్రే మరో బాంబు పేల్చినట్టు కనిపిస్తుంది. ఆ మాటలు పుట్టింది ముందురోజు మధ్యాహ్నమే, అదే కుర్చీలో, అదే నీళ్ల సీసా పక్కన. ఈ ఏర్పాటు తెలిశాక సగం సంచలనాలు వాటంతటవే చప్పబడతాయి.

మేనేజర్‌ను నాటకంలో పాత్రగా మార్చే అలవాటుకు నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ 2009 జనవరి 9. లివర్‌పూల్ మేనేజర్ రాఫా బెనితెజ్ జేబులోంచి కాగితం తీసి, మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్‌కు ఒక న్యాయం, మిగతావారికి ఒక న్యాయం నడుస్తోందంటూ వరుసగా ఆరోపణలు చదివాడు. అప్పటికి లివర్‌పూల్ పట్టికలో అగ్రస్థానంలో ఉంది. చివరికి టైటిల్ ఫెర్గూసన్ జట్టు యునైటెడ్‌కు దక్కింది. ఇక ఆ కాగితమే కొంప ముంచిందన్న కథ స్థిరపడిపోయింది. ఏ మేనేజర్ కాస్త విసుక్కున్నా ఆ వీడియోను తిరగదోడుతూనే ఉంటారు.

పట్టిక వేరే కథ చెబుతుంది. ఆ సీజన్‌లోని 38 మ్యాచ్‌లలో లివర్‌పూల్ ఓడింది రెండే రెండు. యునైటెడ్‌కు 90 పాయింట్లు వస్తే లివర్‌పూల్‌కు 86 వచ్చాయి. నష్టమంతా డ్రాల వల్లే, మొత్తం 11. వాటిలో స్టోక్, ఫుల్హమ్, వెస్ట్ హామ్, హల్ జట్లతో సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో చేసుకున్న నాలుగు డ్రాలూ ఆ కాగితం కంటే ముందు జరిగినవే. కాగితం చదివిన తర్వాత, మార్చిలో, అదే జట్టు ఓల్డ్ ట్రాఫర్డ్‌కు వెళ్లి యునైటెడ్‌ను 4-1తో చిత్తు చేసింది. చిన్న జట్లపై సొంతగడ్డ మీద గెలవలేకపోవడం పొడి విషయం. మేనేజర్ సహనం కోల్పోయి టైటిల్ పోగొట్టుకున్నాడంటే రసవత్తరంగా ఉంటుంది. మ్యాచ్ నివేదికలు రాసిన విలేకరులకు ఈ లెక్కలు తెలియక కాదు. కథ బలంగా ఉన్నప్పుడు లెక్కలు అడిగేవాడు లేడు.

క్రూరత్వంలో అయితే పాతకాలమే ఇంకా ఘోరం. 1992 యూరో పోటీల్లో స్వీడన్ చేతిలో ఇంగ్లండ్ 2-1తో ఓడాక, మేనేజర్ గ్రాహమ్ టేలర్ తలను సన్ పత్రిక టర్నిప్ దుంపగా మార్చి అచ్చు వేసింది. వాట్‌ఫర్డ్ లాంటి చిన్న క్లబ్బును నాలుగో డివిజన్ నుంచి పైకి తెచ్చి, అప్పట్లో అగ్ర శ్రేణి అయిన మొదటి డివిజన్‌లో రెండో స్థానంలో నిలిపిన మనిషి ఆయన. 2017లో ఆయన చనిపోయినప్పుడు కూడా ఆ దుంప ఊసు లేని నివాళి కోసం వెతుక్కోవలసి వచ్చింది.

అలాగని మేనేజర్లందరూ బాధితులేమీ కారు. 2004లో ఫెర్గూసన్ కొడుకు నడిపిన ఆటగాళ్ల ఏజెంటు వ్యాపారం మీద బీబీసీ ఒక డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. అప్పటినుంచి 2011 ఆగస్టు దాకా ఆయన బీబీసీతో మాట్లాడలేదు. మ్యాచ్ అయ్యాక ఆ చానల్ ముందుకు ఆయన సహాయకులు వచ్చి నాలుగు ముక్కలు చెప్పి వెళ్లేవారు. అంత పెద్ద సంస్థకే ఆ గతి పట్టిందంటే, రోజూ శిక్షణ మైదానం గేటు దగ్గర నిలబడే విలేకరి ఎంత ఆచితూచి ప్రశ్న వేస్తాడో ఊహించుకోవచ్చు. ప్రశ్న మెత్తగా ఉన్నప్పుడు విలేకరిని తిట్టుకునే ముందు నేను ఈ సంగతి గుర్తుచేసుకుంటాను. అయినా తిట్టుకుంటాను, అది వేరే విషయం.

తొలగింపు వార్తలను ఎలా చదవాలో నేర్పింది మాత్రం మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్‌గా ఉన్న ఎరిక్ టెన్ హాగ్ వ్యవహారం. 2024 మే 25న ఇంగ్లండ్ నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్ ఫైనల్. ముందురోజు గార్డియన్ పత్రిక ఒక వార్త ఇచ్చింది: ఫలితం ఎలా ఉన్నా యునైటెడ్ అతన్ని తొలగించబోతోందని. మర్నాడు ఆ జట్టు మాంచెస్టర్ సిటీని 2-1తో ఓడించి కప్పు ఎత్తుకుంది. జూలైలో అతని కాంట్రాక్టును ఏకంగా పొడిగించారు. గార్డియన్‌ను ఎగతాళి చేసినవారికి లెక్కలేదు. అక్టోబర్ 28న అతన్ని తొలగించారు! ఆ వార్త తప్పా, ఒప్పా? ఆ వేసవిలో క్లబ్బు ఇతర మేనేజర్లతో మంతనాలు జరిపిందని టెన్ హాగ్ స్వయంగా చెప్పాడు కాబట్టి, వార్తకు ఆధారం ఉందనే నా నమ్మకం. నిర్ణయం తీసుకోబోతున్నవారి ఆలోచనను విలేకరి పట్టుకున్నాడు. కప్పు చూసి వారు ఆలోచన మార్చుకున్నారు. ‘తొలగించబోతున్నారు’ అన్న వార్తను ఆ రోజు గదిలో వీచిన గాలి కబురుగా చదవాలి, తుది ఉత్తర్వుగా చదవకూడదు.

ఇక ఆటగాళ్ల సంగతి. వీరి గురించి రాసేటప్పుడు ధర, జీతం, ఇల్లు, కారు వరుసగా వచ్చేస్తాయి. 2018 డిసెంబరులో చెల్సీ మైదానంలో ప్రేక్షకుల దూషణకు గురైన మర్నాడు, అప్పటి మాంచెస్టర్ సిటీ ఆటగాడు రహీం స్టెర్లింగ్ ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు శీర్షికలు పక్కపక్కన పెట్టాడు. రెండూ డెయిలీ మెయిల్ సంస్థవే, రెండూ మాంచెస్టర్ సిటీ కుర్రాళ్ల గురించే. నల్లజాతి కుర్రాడు టోసిన్ అడరబియోయో ఇల్లు కొంటే, ప్రీమియర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా మొదలుపెట్టకుండానే వారానికి పాతిక వేల పౌండ్లు తీసుకుంటూ భవంతి మీద డబ్బు కుమ్మరించాడన్న ధోరణిలో రాశారు. తెల్లజాతి కుర్రాడు ఫిల్ ఫోడెన్ కొంటే, అమ్మకు కొత్త ఇల్లు కొనిచ్చాడని మురిసిపోయారు. ఇద్దరూ కొన్నది తల్లుల కోసమేనని స్టెర్లింగ్ గుర్తుచేశాడు. పెద్ద వ్యాసం రాసి నిరూపించలేనిదాన్ని రెండు శీర్షికలు పక్కన పెట్టి చూపించాడతను. 2019లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ విలేకరుల సంఘం తమ ఉత్తమ ఆటగాడిగా అతన్నే ఎన్నుకుంది. ఆట కూడా ఆ స్థాయిలోనే ఉందనుకోండి, అయినా ఆ ఓట్లలో కొంత అపరాధ భావన కలిసి ఉంటుందని నా అనుమానం.

తెల్లజాతి ఆటగాడికి తెలివి, నల్లజాతి ఆటగాడికి బలం, వేగం అంటగట్టే జాడ్యం వ్యాఖ్యానంలోనూ ఉంది. 2020లో రన్‌రిపీట్ సంస్థ 80 మ్యాచ్‌ల ఇంగ్లిష్ వ్యాఖ్యానాన్ని పరిశీలించి ఇదే తేల్చింది. అది చదివాక నేను టీవీ వినే తీరే మారింది. ‘చురుకైన బుర్ర’ అన్న మెచ్చుకోలు ఎవరికి దక్కుతోందో చెవి దానంతటదే పట్టేస్తుంది.

ఆటగాడు నిజంగా నోరు విప్పితే ఏమవుతుందో 2024 నవంబర్ 24న సౌతాంప్టన్‌లో చూశాం. లివర్‌పూల్ 3-2తో గెలిచింది, రెండు గోల్స్ కొట్టిన మహమ్మద్ సలా మిక్స్‌డ్ జోన్‌లో ఆగాడు. అతను అక్కడ ఆగడమే అరుదు. క్లబ్బు ఇంకా కొత్త కాంట్రాక్టు ఇవ్వలేదని, ఉండేకంటే వెళ్లిపోయే అవకాశమే ఎక్కువని చెప్పాడు. ఒక్క రాత్రిలో జట్టు గెలుపు అడుగున పడిపోయింది. స్కై చానల్‌లో లివర్‌పూల్ మాజీ ఆటగాడు జేమీ కారగర్ అతన్ని స్వార్థపరుడన్నాడు. 2025 ఏప్రిల్‌లో కాంట్రాక్టు కుదిరింది. విలేకరులను తన పనికి వాడుకున్నాడని కొందరు నొచ్చుకున్నారు. క్లబ్బులు, ఏజెంట్లు వారిని ఏడాది పొడవునా వాడుకుంటారు కదా. ఆటగాడు ఒక్కసారి సొంత పేరుతో, ముఖం దాచుకోకుండా మాట్లాడితే తప్పేమిటో నాకు అర్థం కాలేదు.

ఆటగాళ్లు ఒక క్లబ్బు నుంచి మరో క్లబ్బుకు మారే బదిలీల వార్తల మీద ఎక్కువ మాటలు ఖర్చు చేయను. బదిలీల వార్తలకే పేరుపడ్డ విలేకరి ఫాబ్రిజియో రొమానో లాంటివారు ఒప్పందం ఖాయమైందని ప్రకటిస్తే సాధారణంగా ఖాయమే. దానికి ముందు నెలంతా వచ్చే ‘ఆసక్తి చూపుతోంది’ తరహా వార్తల వెనుక, జీతం పెంచుకోవడానికి మరో క్లబ్బు పేరు వదిలే ఏజెంటు ఉండవచ్చు. ఒప్పందం చివరి మెట్టైన వైద్య పరీక్షల మాట వచ్చేదాకా పట్టించుకోకపోతే ఆరోగ్యానికి మంచిది.

డబ్బు పెట్టి చదివేవాటిలో పెద్ద మార్పు తెచ్చింది ది అథ్లెటిక్ అనే క్రీడా వెబ్‌సైట్. 2019 ఆగస్టులో బ్రిటన్‌లో అడుగుపెట్టి, క్లబ్బుల వారీగా విలేకరులను నియమించుకుంది. బీబీసీ నుంచి విలేకరి డేవిడ్ ఆర్న్‌స్టీన్‌ను తీసుకుంది. 2022లో న్యూయార్క్ టైమ్స్ దాన్ని 55 కోట్ల డాలర్లకు కొన్నది. అక్కడ నాకు నచ్చింది ఏమిటంటే, ఒకే విలేకరి ఏళ్ల తరబడి ఒకే క్లబ్బు వెంట ఉండటం వల్ల ఎడమ వైపు రక్షకుడు ఎందుకు లోపలికి జరిగి ఆడుతున్నాడో, సెట్ పీస్ కోచ్ (ఫ్రీకిక్కులు, కార్నర్ల శిక్షకుడు) వచ్చాక కార్నర్లు ఎలా మారాయో బొమ్మలతో సహా చెబుతారు. మేనేజర్ ముఖకవళికలకు బదులు అతని పని కనిపిస్తుంది. నచ్చనిది నిడివి. వెయ్యి మాటల్లో తేలే విషయాన్ని మూడు వేలకు సాగదీస్తారు. పేరు చెప్పని ‘సన్నిహిత వర్గాలు’ మరీ ఎక్కువ. ఆ వర్గాలు మేనేజర్‌వా, అతని మీద కత్తి నూరేవారివా అన్నది మనమే ఊహించుకోవాలి.

పదికి ఇన్ని మార్కులంటూ ఆటగాళ్లకు వేసే రేటింగులు శుద్ధ దండగ. ఫ్రాన్స్‌లో లెకిప్ పత్రిక పదికి పది వేయడమే గగనం కాబట్టి, 2019లో రియల్ మాడ్రిడ్ మీద ఆడిన ఆటకు నెదర్లాండ్స్ క్లబ్బు అయాక్స్ ఆటగాడు దూసన్ తాదిచ్‌కు పూర్తి మార్కులు వేస్తే అదే వార్త అయింది. ఇంగ్లండ్‌లో గోల్ కొడితే ఎనిమిది, కొట్టకపోతే ఆరు, అంతకు మించి ఆలోచన కనిపించదు.

ఇన్ని ఫిర్యాదులు చేస్తున్నాను కానీ, అసలు రాసేవారే లేకపోతే ఎలా ఉంటుందో హైదరాబాదీలకు బాగా తెలుసు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును, భారత జట్టును నడిపిన సయ్యద్ అబ్దుల్ రహీం 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించిపెట్టారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టును నాలుగో స్థానంలో నిలిపారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన నాటికే ఆయనకు క్యాన్సర్. 1963లో కన్నుమూశారు. ఆటగాళ్లు తర్వాత చెప్పుకున్న జ్ఞాపకాలు ఉన్నాయి. మ్యాచ్ ముగిసిన గంటకు ఆయన ఏమన్నారో, ఓడిన రోజు ఎవరిని వెనకేసుకొచ్చారో చదవాలని వెతికితే నా చేతికి చిక్కింది శూన్యం. బెనితెజ్ కాగితంలో ఏముందో ప్రతి వాక్యమూ దొరుకుతుంది. రహీం సాబ్ గొంతు దొరకదు. మన దినపత్రికల క్రీడా పేజీల్లో ఫుట్‌బాల్‌కు ఇప్పటికీ దక్కేది తరచూ వార్తా సంస్థ పంపిన నాలుగు వాక్యాలే.

కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా ఇది. శుక్రవారం సమావేశాన్ని వార్తలో చదివే బదులు వీడియోలో పూర్తిగా చూడండి. చాలా క్లబ్బులు ఉచితంగానే పెడతాయి. మీ క్లబ్బును అంటిపెట్టుకున్న విలేకరులను ఇద్దరిని ఎంచుకోండి, వారిలో ఒకరైనా క్లబ్బుకు కోపం తెప్పించే రకమై ఉండాలి. ఓడిన రాత్రి వచ్చే వ్యాసాలను రెండు రోజులాగి చదవండి. చందా విషయానికొస్తే, మొదటి ఏడాది చవకగా ఇచ్చి రెండో ఏడాది నుంచి అసలు ధర లాగడం ఈ రంగంలో రివాజు. రద్దు చేయబోతే చాలాసార్లు మళ్లీ తగ్గిస్తారు. జూన్, జూలైలలో బదిలీల గోల తప్ప ఏమీ ఉండదు కాబట్టి, చేరేదేదో ఆగస్టులో సీజన్ మొదలయ్యే వారం చేరండి.