రాయగడ గేర్ కటింగ్ షాపు: స్పర్ గేరుకి సరే, వర్మ్ వీలుకి వద్దు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం చుట్టుపక్కల రైస్ మిల్లులో గేరు పన్ను విరిగితే, విశాఖ పరిగెత్తకుండా పని అయ్యేది ఊళ్లోని గేర్ కటింగ్ షాపులోనే. అక్కడున్నవి రెండు లేతులు, గేరుని సమాన భాగాలుగా తిప్పే డివైడింగ్ హెడ్ బిగించిన ఒక హారిజాంటల్ మిల్లింగ్ మెషిను, కీ వే (గేరు షాఫ్టు మీద జారకుండా పట్టే కీ కూర్చునే గాడి) కోసే స్లాటింగ్ మెషిను. హాబు అనే స్క్రూ ఆకారపు కట్టరుతో గేరు పళ్లు కోసే హాబింగ్ మెషిను లేదు. ఏ పని ఇవ్వొచ్చు, ఏది ఇవ్వకూడదన్నది అంతా దీని మీదే ఆధారపడింది.

స్పర్ గేరు (నేరు పళ్ల గేరు) పనిలో మేస్త్రీ చెయ్యి మంచిదే. విరిగిన గేరు పట్టుకెళ్తే పళ్లు లెక్కపెట్టి, బయటి వ్యాసం కొలిచి, దాన్ని పళ్ల సంఖ్యకి రెండు కలిపి భాగిస్తాడు. 34 పళ్లు, 144 మి.మీ. అయితే 144ని 36తో భాగించి మాడ్యూల్ (పన్ను సైజు) 4 అంటాడు. కోత లోతు 9 మి.మీ., రెండు పాసుల్లో. డివైడింగ్ హెడ్ మీద పన్నుకి హ్యాండిలు ఒక పూర్తి చుట్టు, 17 రంధ్రాల వరసలో మూడు ఖాళీలు. ఇంతవరకూ వంక పెట్టడానికి లేదు.

పాత మిషన్ల గేర్ల దగ్గరే తేడా వస్తుంది. అవి అంగుళాల లెక్కవి. 6 డీపీ (పిచ్ వ్యాసంలో అంగుళానికి 6 పళ్లు) గేరుకి అవే 34 పళ్లుంటే బయటి వ్యాసం 152.4 మి.మీ., అంటే మాడ్యూల్ 4.23. దగ్గర్లో ఉంది కదా అని 4 కట్టరుతో కోస్తే కంటికి బాగానే కనిపిస్తుంది గానీ జత గేరుతో పళ్లు కలవవు. కొన్ని పాత గేర్ల ప్రెషర్ యాంగిల్ (పన్ను పక్కల వాలు కోణం) కూడా పద్నాలుగున్నర డిగ్రీలు, ఇప్పటి కట్టర్లవి 20. అందుకే విరిగిన గేరొక్కటే కాక దాని జతనీ, రెండు షాఫ్టుల మధ్య దూరాన్నీ తీసుకెళ్లాలి. జత అరిగి ఉంటే రెండూ కొత్తవే చేయించండి. అరిగిన పినియను (జతలో చిన్న గేరు) కొత్త గేరుని తొందరగా తినేస్తుంది.

పళ్ల సంఖ్య కూడా ముందే చెప్పాలి. షాపులో డివైడింగ్ హెడ్‌కి ఉన్న రంధ్రాల ప్లేట్లు బ్రౌన్ అండ్ షార్ప్ రకం. వాటితో 51, 53 పళ్లు సూటిగా భాగించడం కుదరదు. ఒక పన్ను అటో ఇటో సర్దేద్దామంటే ఒప్పుకోకండి, స్పీడు మారడమే కాదు, షాఫ్టుల మధ్య దూరమూ సరిపోదు.

ఫారం కట్టర్ల (పళ్ల మధ్య ఖాళీ ఆకారంలో ఉండే కట్టర్ల) సెట్టులో ఎనిమిదే ఉంటాయి. నాలుగో నంబరు 26 నుంచి 34 పళ్ల దాకా వాడతారు గానీ, పన్ను ఆకారం కచ్చితంగా కుదిరేది 26కే. అందుకే ఇక్కడ కోసిన గేరు నిమిషానికి 50, 100 చుట్లు తిరిగే చోట నిశ్శబ్దంగా ఉంటుంది, మోటారుకి నేరుగా 1440 మీద పెడితే కూత పెడుతుంది. ధాన్యం పొట్టు తీసే షెల్లర్ రబ్బరు రోల్స్ నడిపే గేర్లు ఇక్కడ చేయించకపోవడమే మంచిది.

బోరు (షాఫ్టు దూరే రంధ్రం) విషయంలో అడిగిందల్లా చేసిపెట్టడం ఈ షాపు బలహీనత. మాడ్యూల్ 4, 17 పళ్ల పినియనుకి పన్ను మొదలు దగ్గర వ్యాసం 58 మి.మీ. 35 బోరుకి కీ వే కోస్తే దాని పైన 8 మి.మీ. లోహం మిగులుతుంది, సరిపోతుంది. 40 బోరైతే మిగిలేది 5.7 మి.మీ., మొదటి జామ్‌కే కీ వే మూల నుంచి పగులుతుంది. మేస్త్రీ ఈ మాట తనంతట తాను చెప్పడు. పినియను పళ్లు గేరు కంటే ఎక్కువసార్లు రాసుకుంటాయి కాబట్టి దాన్ని ఈఎన్8 (ఒక రకం కార్బన్ ఉక్కు)లో చేయించి పళ్లు గట్టిపరచమని అడగాలి. అడక్కపోతే మెత్తగానే ఇస్తారు.

వర్మ్ వీలు (స్క్రూ లాంటి వర్మ్ తిప్పే చక్రం) కూడా కోస్తామంటారు, ఇవ్వకండి. ఆ వీలు కోసే హాబు, దాని మీద తిరిగే వర్మ్ కొలతకే ఉండాలి. మిల్లింగ్ కట్టరుతో గాట్లు పెట్టిన వీలు మీద బ్లూ (పళ్లు ఎక్కడ ఆనుతున్నాయో చూపే రంగు) రాసి తిప్పి చూస్తే పన్ను మధ్యలో సన్నటి గీతే పడుతుంది. సరైన వీలులో మచ్చ వెడల్పుగా, వర్మ్ బయటికి వెళ్లే వైపుకి కాస్త జరిగి ఉంటుంది, లోపలికొచ్చే వైపు ఆయిలుకి దారి కావాలి గనక. పైగా ఫాస్ఫర్ బ్రాంజ్ అని చెప్పి మామూలు ఇత్తడి పెట్టిన పనులూ ఉన్నాయి. కొన్నాళ్లకే ఆయిల్లో బంగారు రంగు పొడి తేలుతుంది.

హెలికల్ (ఏటవాలు పళ్లవి), బెవెల్ (శంకు ఆకారపువి) గేర్లదీ అదే తీర్పు. హెలిక్స్ కోణం కాస్త తేడా పడినా బరువంతా పన్ను ఒక చివర మీదే పడి అక్కడ గుంటలు పడతాయి. బెవెల్ గేర్లు జతగా ల్యాప్ చేసినవే (ఒకదానితో ఒకటి రుద్ది నున్నన చేసినవే) కొనాలి.

ధాన్యం పైకెక్కించే ఎలివేటర్ వర్మ్ గేరు బాక్సు పోయినప్పుడు మరమ్మతు కంటే హెలికల్ బాక్సు కొనడమే మేలు. 3 హెచ్‌పీ, 1440 చుట్ల మోటారు, 30:1 నిష్పత్తి అయితే బయటికొచ్చే స్పీడు నిమిషానికి 48 చుట్లు. వర్మ్‌లో సామర్థ్యం 75 శాతం అనుకుంటే టార్క్ (తిప్పే బలం) 328 న్యూటన్ మీటర్లు, 95 శాతం ఉన్న హెలికల్‌లో 416. మిగతా కరెంటు వేడిగా పోయేదే. అయితే హెలికల్ బాక్సు తనంతట తాను ఆగదు. కరెంటు పోతే నిండు బకెట్లు వెనక్కి తిరుగుతాయి, హోల్డ్ బ్యాక్ (వెనక్కి తిరగకుండా పట్టేది) తప్పనిసరి. 30:1 వర్మ్‌నీ బ్రేకుగా నమ్మకూడదు.

వర్మ్ బాక్సే ఉంచుకునేవాళ్లు లారీ డిఫరెన్షియల్ ఆయిలు పోయకండి, అందులోని గంధకం మందులు బ్రాంజ్‌ని తింటాయి. వర్మ్‌కని చెప్పి వీజీ 460 (చిక్కదనం నంబరు) ఆయిలు అడగండి. కొత్త బాక్సుకి రవాణాలో బిగించిన గట్టి ప్లగ్ తీసి బ్రీదర్ (గాలి బయటికి పోనిచ్చే ప్లగ్) పెట్టండి. లేకపోతే వేడికి లోపల గాలి ఒత్తిడి పెరిగి ఆయిలు సీలు కారుతుంది, సీలు ఎన్నిసార్లు మార్చినా ఆగదు.